పాత జీప్ చెరోకీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో పాత చెరోకీ కొనేవాళ్ళు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి ఏ హోండానో టెస్లానో ఉంటుంది, శని ఆదివారాలు యూటాలో మోయబ్ వైపో టెక్సాస్‌లో బిగ్ బెండ్ వైపో మట్టిదారులు పట్టి పోవడానికి మాత్రం ఆ నలుచదరపు ఎక్స్‌జే, అంటే ఆ పాత చెరోకీ మోడలే కావాలి. బండి చవగ్గానే దొరుకుతుంది, నడుస్తుంది కూడా. గేర్‌బాక్స్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం అమ్మేవాడు ఆకాశం వైపు చూస్తాడు. అలాంటి బండి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా 1987 నుంచి 2001 దాకా 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన ఆటోమేటిక్ చెరోకీ గురించే. దాంట్లో ఉన్నది జీప్ సొంత గేర్‌బాక్స్ కాదు, జపాన్‌కి చెందిన ఐసిన్ వార్నర్ చేసిన ఏడబ్ల్యూ4, నాలుగు గేర్లు. టొయోటా పాత 4రన్నర్లలో ఉండే ఏ340 కూడా ఇదే కుటుంబం, అందుకే దీనికి మొండి గేర్‌బాక్స్ అని పేరుంది. నా ఉద్దేశంలో ఇది దానంతటది పాడవడం తక్కువ, మనమే పాడుచేస్తాం. తప్పు రకం ఆయిల్ పోయడం, ఉండాల్సిన మట్టానికి ఎక్కువో తక్కువో పోయడం, వేడెక్కించడం, ఈ మూడే. ఆయిల్ మార్చే పనిలో విప్పడం బిగించడం ఎవరైనా చేస్తారు, జాగ్రత్త అంతా రకం చూసుకోవడంలోనూ మట్టం కొలవడంలోనూ ఉంది. అందుకే ఆ రెండిటి గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

ముందు ఏ ఆయిల్ కొనాలి

దుకాణంలో కౌంటర్ దగ్గర "జీప్" అనగానే చాలామంది ఏటీఎఫ్ ప్లస్ 4 చేతిలో పెడతారు (ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్). క్రిస్లర్ వాళ్ళ సొంత గేర్‌బాక్స్‌లకి అది సరైనదే, ఏడబ్ల్యూ4కి కాదు. దీనికి కావలసింది డెక్స్‌రాన్ 3 / మెర్కాన్ రకం. జనరల్ మోటార్స్ 2006 తర్వాత డెక్స్‌రాన్ 3కి లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది కాబట్టి డబ్బా మీద ఇప్పుడు ఆ పేరు అచ్చంగా ఉండదు, "డెక్స్/మెర్క్" అనో, "డెక్స్‌రాన్ 3 అడిగే బండ్లకి సరిపోతుంది" అనో ఉంటుంది. అది చాలు. ఖరీదైన సింథటిక్కే కావాలనేం లేదు. డెక్స్‌రాన్ 6 పోసి తిరుగుతున్నవాళ్ళూ ఉన్నారు, కానీ అది కాస్త పల్చన, పాతికేళ్ళ రబ్బరు సీళ్ళున్న బండికి నేనైతే పాత రకానికే ఓటేస్తాను.

గేర్ జారడం ఆగిపోతుంది, కారడం ఆగిపోతుంది అని చిన్న సీసాలు అమ్ముతారు చూడండి, వాటి జోలికి వెళ్ళకండి. ఆ డబ్బుతో ఇంకో క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) ఆయిల్ వస్తుంది.

ఎంత కొనాలి? డ్రెయిన్ ప్లగ్ తీస్తే 3 నుంచి 4 క్వార్ట్‌ల దాకా దిగుతుంది. మొత్తం గేర్‌బాక్స్‌లో పట్టేది సుమారు ఎనిమిదిన్నర క్వార్ట్‌లు, మిగతా సగం టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అంటే ఒకసారి దింపి పోస్తే సగానికి కాస్త తక్కువే కొత్తది అవుతుంది. 4 క్వార్ట్‌ల లెక్కన మొదటిసారికి 47 శాతం, కొంచెం తిరిగి మళ్ళీ మారిస్తే 72, మూడోసారికి 85 శాతం దాకా కొత్త ఆయిల్ ఉంటుంది. చరిత్ర తెలియని బండికి ఇలా రెండు మూడు విడతల్లో, మధ్యలో కొన్ని వందల మైళ్ళు తిరుగుతూ మార్చడమే నాకు నచ్చిన పద్ధతి. ఆ లెక్కన మొత్తం 12 క్వార్ట్‌లు తెచ్చి పెట్టుకోండి, ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) ఇంకో రెండు.

"పాత ఆయిల్ కదిలిస్తే గేర్‌బాక్స్ పోతుంది, ముట్టుకోకు" అనే మాట ఇక్కడా వింటాం, ఊళ్ళో మెకానిక్ దగ్గరా వింటాం. దాంట్లో కొంత అర్థం ఉంది. అప్పటికే గేర్లు జారుతున్న బండికి ఆఖరి ఆశగా ఆయిల్ మార్పిస్తారు, క్లచ్ పలకలు ఎలాగూ అయిపోయి ఉంటాయి కాబట్టి వారం తిరక్కుండానే అది పడుకుంటుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ బండి గేర్లు సాఫీగా మారుతున్నాయంటే ఆ భయం అక్కర్లేదు. ఇప్పటికే జారుతోందా, అయితే ఆయిల్ మార్చినా పోయిన క్లచ్ తిరిగి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

విప్పకముందే చూడాల్సినవి

ఆయిల్ దింపేశాక పాత మట్టం ఎంత ఉండేదో తెలుసుకునే దారి ఉండదు. కాబట్టి ముందు కొలవండి. బండిని ఓ పావుగంట, ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి, సమతలంగా ఉన్న చోట ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపకుండా, కాలు బ్రేక్ మీద ఉంచి గేర్ లివర్‌ని పార్క్ నుంచి మొదలుపెట్టి అన్ని గేర్లలోకీ నెమ్మదిగా, ఒక్కోదాంట్లో ఓ రెండు సెకన్లు ఆపుతూ తీసుకెళ్ళి మళ్ళీ పార్క్‌లోకి తెచ్చేయండి. ఇంజిన్ తిరుగుతుండగానే డిప్‌స్టిక్ తీయాలి. అది ప్రయాణికుడి వైపు, వెనకాల గోడకి దగ్గరగా ఉంటుంది. బయటికి తీసి, నూలు ఊడని గుడ్డతో తుడిచి, పూర్తిగా అడుగుదాకా దించి, మళ్ళీ తీసి చూడండి.

ఈ డిప్‌స్టిక్ చదవడం కొంచెం చికాకే. గొట్టం గోడలకి అంటుకున్న ఆయిల్ పుల్లకి పూసుకుని ఒకవైపు మట్టం పైకి, రెండోవైపు కిందికి కనిపిస్తుంది. రెండువైపులా చూసి, తక్కువ చూపించే వైపునే నమ్మండి. అది కూడా చెదురుమదురుగా అంటిన మరక కాదు, పుల్ల వెడల్పంతా తడిసిన గీత ఎక్కడుందో అదీ లెక్క. చల్లగా ఉన్నప్పటికి వేరే గుర్తులు, వేడిగా ఉన్నప్పటికి వేరే గుర్తులు ఉంటాయి, పై గుర్తులు వేడివి. చివరి మాట వేడి గుర్తులదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. గ్రాండ్ చెరోకీల్లో వచ్చిన 42ఆర్‌ఈ, పాత రాంగ్లర్లలో వచ్చిన మూడు గేర్ల క్రిస్లర్ ఆటోమేటిక్ లాంటి వాటికి మట్టం న్యూట్రల్‌లో చూడాలి, వాటికి ఏటీఎఫ్ ప్లస్ 4 పోయాలి. చెరోకీ ఏడబ్ల్యూ4కి పార్క్‌లో చూడాలి, డెక్స్‌రాన్ పోయాలి. రెండూ జీప్‌లే, వీడియోల్లో ఒకదాని పద్ధతి ఇంకోదానికి చెప్పేస్తుంటారు, మీ బండిలో ఏముందో తెలుసుకుని మొదలుపెట్టండి.

మట్టం చూశాక డిప్‌స్టిక్ చివరని తెల్లటి పేపర్ టవల్ మీద రుద్ది, వెలుతురులో చూడండి. ఎర్రగా, కాస్త గోధుమరంగులోకి తిరిగినా ఫర్వాలేదు, వయసుకి తగ్గట్టే ఉంది. నల్లగా ఉండి మాడు వాసన వస్తే క్లచ్‌లు కాలాయని అర్థం. మెరిసే రజను కనిపిస్తే లోపల ఇనుము ఇనుము రాసుకుంటోంది. అదేమీ కాకుండా రాజమండ్రి రోజ్ మిల్క్‌లా లేతగులాబీ రంగులో చిక్కగా ఉంటే అక్కడితో ఆగిపోండి, బండి స్టార్ట్ కూడా చేయకండి. గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది, అది లోపల చిల్లుపడి కూలెంట్ ఆయిల్‌లోకి వచ్చేసిందన్నమాట. ఆ నీళ్ళు క్లచ్ పలకల మీది పొరని ఊడగొడతాయి. అప్పుడు ముందు రేడియేటర్ మార్చాలి, ఆయిల్ సంగతి ఆ తర్వాత.

కింద నేల మీద మరకలుంటే అవి ఎక్కడివో కూడా ఇప్పుడే చూసుకోండి. 4.0 ఇంజిన్‌కి వాల్వ్ కవర్ గ్యాస్కెట్ వెనక మూల కారడం బాగా మామూలు, ఆ నూనె ఇంజిన్ వెనకగా జారి గేర్‌బాక్స్ ముందు భాగం మీద పడి, చూసేవాళ్ళకి గేర్‌బాక్సే కారుతున్నట్టు ఉంటుంది. వేలికి అంటించుకుని చూస్తే ఇంజిన్ నూనె నల్లగా గోధుమగా ఉంటుంది, గేర్‌బాక్స్‌ది ఎర్రగా పల్చగా ఉంటుంది. నిజంగా ఎర్రదే అయితే అనుమానించాల్సిన చోట్లు కూలర్ గొట్టాలు కలిసే క్లిప్పులు, పాన్ అంచు, డిప్‌స్టిక్ గొట్టం గేర్‌బాక్స్‌లోకి దిగే చోట ఉండే చిన్న రబ్బరు రింగు.

బండి కిందికి వెళ్ళేముందు

ఎక్స్‌జే ఎత్తుగానే ఉంటుంది, సన్నగా ఉండేవాళ్ళు జాకీ లేకుండానే కిందికి దూరిపోవచ్చు. ఎత్తాల్సి వస్తే జాకీ మీద మాత్రం ఎప్పుడూ నమ్మకం పెట్టొద్దు, గట్టి నేల మీద జాకీ స్టాండ్లు పెట్టాలి, చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఇంకో ప్రమాదం ఉంది, ఇది చాలామందికి తట్టదు. గేర్ లివర్ పార్క్‌లో ఉన్నా పక్కనున్న చిన్న లివర్, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్, న్యూట్రల్‌లో ఉందనుకోండి, గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. పార్క్ బండిని పట్టుకోదు, వాలు ఉంటే దొర్లిపోతుంది. కిందికి దూరేముందు ఆ లివర్ ఎక్కడుందో చూసుకోండి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేయండి. ఎగ్జాస్ట్ గొట్టం పక్కనే ఉంటుంది, అప్పుడే తిప్పిన బండి అయితే చెయ్యి కాలుతుంది, ఓ అరగంట ఆగండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు, హాయిగా దిగిపోతుంది.

అపార్ట్‌మెంట్లలో, కొన్ని కాలనీల్లో బండి పని బయట చేయనివ్వరు, డ్రైవ్‌వేలో ఒక ఎర్ర మరక కనబడినా ఈమెయిల్ వస్తుంది. పెద్ద అట్టపెట్టె విప్పి కింద పరుచుకోండి, పని కూడా శుభ్రంగా జరుగుతుంది.

కావలసిన సామాను పెద్దగా ఏం లేదు. 10, 14 ఎం.ఎం. సాకెట్లు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కి 30 ఎం.ఎం. సాకెట్, వెడల్పాటి ట్రే, పొడుగు మూతి గరాటు, రెండు మూడు ఖాళీ గ్యాలన్ పాల డబ్బాలు, బ్రేక్ క్లీనర్, చేతి గ్లౌజులు. పాన్ విప్పే ఉద్దేశం ఉంటే ఫిల్టర్ కిట్, ఆయిల్‌కి తట్టుకునే ఆర్‌టీవీ సీలెంట్ (గ్యాస్కెట్ బదులు పూసి అతికించేది), అంగుళం పౌండ్లలో కొలిచే చిన్న టార్క్ రెంచ్ కూడా.

దింపడం

డ్రెయిన్ ప్లగ్ పాన్‌కే ఉంటుంది. ట్రే కింద పెట్టి 14 ఎం.ఎం.తో విప్పండి, చివరి చుట్లు చేత్తో తిప్పుతూ ప్లగ్‌ని పైకి నొక్కి ఉంచి ఒక్కసారిగా పక్కకి లాగేస్తే చెయ్యి తడవదు. మొత్తం కారేదాకా పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయండి. ప్లగ్ వాషర్ కొత్తది వేసి 15 అడుగు పౌండ్లకి, అంటే 20 న్యూటన్ మీటర్లకి బిగించండి. పాన్ పల్చటి రేకు, బలమంతా ఉపయోగిస్తే మరలు పోతాయి.

దిగిన ఆయిల్‌ని పారబోసేయకుండా పాల డబ్బాల్లోకి వంపండి. గ్యాలన్ అంటే 4 క్వార్ట్‌లు కాబట్టి ఎంత దిగిందో ఇట్టే తెలిసిపోతుంది. ముందు కొలిచినప్పుడు మట్టం సరిగ్గా ఉండి ఉంటే, దిగినంతే మళ్ళీ పోయాలి, లెక్క అంతే.

పాన్ విప్పాలా వద్దా

ప్రతిసారీ అక్కర్లేదు. దీంట్లో ఫిల్టర్ అంటే కాగితం కాదు, లోహపు జల్లెడ, అంత తొందరగా పూడుకుపోదు. చరిత్ర తెలియని బండికి మాత్రం ఒక్కసారి విప్పి చూడటం మంచిది, ఫిల్టర్ కోసం కంటే లోపలి అయస్కాంతాల కోసం.

ఫ్యాక్టరీలో పాన్‌కి గ్యాస్కెట్ వేయలేదు, సీలెంట్‌తో అతికించారు. అందుకని 10 ఎం.ఎం. బోల్టులన్నీ తీసేసినా పాన్ ఊడి రాదు, అంటుకుని కూర్చుంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నడం ఒక్కటి చేయకండి. పైన గేర్‌బాక్స్ బాడీ అల్యూమినియం, దానిమీద పడిన గీత గుండా ఆ తర్వాత ఎన్ని ట్యూబుల సీలెంట్ పూసినా కారుతూనే ఉంటుంది. మూలల్లో రెండు మూడు బోల్టులు వదులుగా ఉంచి, పల్చటి పుట్టీ కత్తిని అంచు పొడుగునా రబ్బరు సుత్తితో నెమ్మదిగా కొడుతూ పోతే సీలెంట్ తెగుతూ వస్తుంది. చివర్లో పాన్ ఒకవైపు దిగగానే మిగిలిన ఆయిల్ ఒక్కసారిగా వస్తుంది, ట్రే పక్కకి జరిపేయకండి.

పాన్ దింపాక అయస్కాంతాలని చూడండి. వాటికి బూడిదరంగు మెత్తటి ముద్ద పట్టి ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా నున్నగా జారుతుంది, చేతికి గరుకు తగలదు. అది ఏళ్ళ తరబడి అరిగిన ఇనుప పొడి, ప్రతి గేర్‌బాక్స్‌లోనూ ఉంటుంది, కంగారేం లేదు. గోటికి తగిలే ముక్కలు, సూదుల్లాంటి పెచ్చులు, ఇత్తడి రంగు రేకలు ఉంటే మాత్రం సంగతి వేరు, అప్పుడు కొత్త ఆయిల్‌కి ఎక్కువ డబ్బు పెట్టకుండా గేర్‌బాక్స్ పనివాడి దగ్గరికి ఆ ముక్కలు పట్టుకెళ్ళి చూపించండి.

ఫిల్టర్ 10 ఎం.ఎం. బోల్టులతో ఉంటుంది, దాని గ్యాస్కెట్ పాతది పైన అతుక్కుపోయి ఉందేమో చూసి తీసేయండి, రెండు గ్యాస్కెట్లు ఒకదానిమీద ఒకటి పడితే పంపు గాలి పీలుస్తుంది. బోల్టులు 7 అడుగు పౌండ్లు, 10 న్యూటన్ మీటర్లు చాలు. పక్కనే వంకరగా వెళ్ళే సన్నటి ఆయిల్ గొట్టాలు కనిపిస్తాయి, వాటిని పట్టుకుని వేలాడకండి, వాటి మీద ఏదీ ఆనించి తన్నకండి.

పాన్ అంచు మీదా, పైన బాడీ అంచు మీదా పాత సీలెంట్ అణువంత కూడా మిగలకూడదు. ఇది విసుగు పని, గంట పడుతుంది, కానీ పాన్ కారుతోందని రెండోసారి విప్పేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడ తొందరపడ్డవాళ్ళే. ప్లాస్టిక్ గీకుడు పుల్లతో గీకి, బ్రేక్ క్లీనర్ కొట్టి, పొడిగా ఆరనివ్వండి. పైన గీకేటప్పుడు తునకలు గేర్‌బాక్స్ లోపలికి పోకుండా చూసుకోండి. పాన్‌ని చదునైన బల్ల మీద బోర్లించి చూస్తే బోల్టు రంధ్రాల దగ్గర రేకు పైకి లేచిందేమో తెలుస్తుంది, లేస్తే చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా సరిచేయండి. తర్వాత సుమారు 3 ఎం.ఎం. మందం సీలెంట్ గీత, రంధ్రాలకి లోపలి వైపుగా, తెగకుండా వేయండి. ఎక్కువ వేస్తే నొక్కినప్పుడు లోపలికి పిండుకుని, ఊడి, పోయి జల్లెడకి అడ్డం పడుతుంది.

బోల్టులు బిగించే లెక్క 65 అంగుళం పౌండ్లు, సుమారు 7.4 న్యూటన్ మీటర్లు. అంగుళం పౌండ్లు, అడుగు పౌండ్లు కాదు! పెద్ద టార్క్ రెంచ్‌తో 65కి పెట్టి తిప్పితే బోల్టు తల చేతికొస్తుంది. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో బిగించండి. సీలెంట్ ట్యూబు మీద ఆరడానికి ఎంతసేపు రాసి ఉంటే అంతసేపు ఆగండి, ఈలోగా ట్రాన్స్‌ఫర్ కేస్ పని చూసుకోవచ్చు.

ట్రాన్స్‌ఫర్ కేస్

గేర్‌బాక్స్ వెనకే ఉంటుంది, వెనకవైపు ఒకదాని పైన ఒకటి రెండు 30 ఎం.ఎం. ప్లగ్‌లు. పైది పోసేది, కిందిది దింపేది. ముందు పైది విప్పండి. కిందిది విప్పి అంతా దింపేశాక పైది ఊడలేదనుకోండి, పోయడానికి దారి లేని బండి డ్రైవ్‌వేలో నిలబడుతుంది. లివర్ దగ్గర ఫుల్ టైమ్ అనే స్థానం ఉంటే అది సెలెక్ ట్రాక్, ఎన్‌పీ242, సుమారు 1.35 లీటర్లు పడుతుంది. పార్ట్ టైమ్ మాత్రమే ఉంటే కమాండ్ ట్రాక్, 231, లీటరు చాలు. దీనికీ ఏటీఎఫే, మీ సంవత్సరానికి ఏ రకమో ఓనర్ మాన్యువల్ ఒకసారి చూసుకోండి. పై రంధ్రం నుంచి పొర్లి కారేదాకా పోసి ప్లగ్ పెట్టేయడమే, డిప్‌స్టిక్ గొడవ లేదు.

పై ప్లగ్ విప్పగానే లోపల ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉండి ధారగా బయటికి వస్తే, అదే సమయంలో గేర్‌బాక్స్ మట్టం తరచూ పడిపోతుంటే, రెండిటి మధ్య ఉన్న సీల్ పోయి గేర్‌బాక్స్ ఆయిల్ వెనక్కి పాకుతోందని అనుమానించాలి. బయట చుక్క కనబడదు, మట్టం మాత్రం తగ్గుతుంటుంది, జనాలు నెలల తరబడి జుట్టు పీక్కుంటారు.

పోయడం, కొలవడం

గేర్‌బాక్స్‌కి ఆయిల్ పోసేది డిప్‌స్టిక్ గొట్టంలోంచే. దిగిన లెక్కకి అర క్వార్ట్ తక్కువ పోయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలు ఉంచి, ఇందాకటిలాగే గేర్లన్నీ తిప్పి పార్క్‌లోకి తేవాలి. ఇప్పుడు ఓ అయిదు నిమిషాలు ఆగండి, ఎందుకంటే గొట్టం లోపలంతా కొత్త ఆయిల్ పట్టి ఉంటుంది, వెంటనే పుల్ల తీస్తే నిండా ఉన్నట్టే చూపిస్తుంది. పైగా కొత్త ఆయిల్ తేటగా ఉండి గీత సరిగ్గా కనబడదు, పుల్లని పేపర్ టవల్ మీద అద్ది తడి ఎక్కడిదాకా ఉందో చూస్తే తేలిక.

చల్లటి గుర్తుల మధ్యకి వచ్చేదాకా పోయండి, తర్వాత రోడ్డు మీద పావుగంటకి పైగా తిప్పి వేడి గుర్తుల దగ్గర మళ్ళీ చూడండి. తగ్గితే పావు క్వార్ట్ చొప్పునే, ప్రతిసారీ కొలుస్తూ పోయాలి. ఎక్కువైతే మంచిదేగా అనుకోకండి. మట్టం పైకొస్తే తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగలో ఉన్నది గాలి, పంపు దాన్ని పీల్చి ప్రెషర్ పెంచలేదు, తక్కువ ఉన్నప్పుడు జారినట్టే ఎక్కువైనా గేర్లు జారతాయి, వేడెక్కి ఆవిరిదారి గుండా బయటికి కక్కుతుంది కూడా. పొరపాటున ఎక్కువైతే సన్నటి గొట్టమున్న చేతి పంపుతో డిప్‌స్టిక్ దారిలోనే లాగేయొచ్చు, కింద ప్లగ్ తీయక్కర్లేదు.

ఆయిల్ మార్చినా గేర్లు సరిగ్గా పడకపోతే

గేర్‌బాక్స్ దింపేయాలి అని ఎవరైనా అనేముందు ఉచితంగా చూడగలిగేవి మూడున్నాయి.

ఒకటి థ్రాటిల్ వాల్వ్ కేబుల్. థ్రాటిల్ బాడీ దగ్గర మొదలై గేర్‌బాక్స్‌లోకి వెళ్ళే కేబుల్ ఇది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో దాన్నిబట్టి లోపలి ఆయిల్ ప్రెషర్‌ని పెంచేది ఇదే. వదులుగా ఉంటే ప్రెషర్ చాలక గేర్ జారుతూ మారుతుంది, మరీ బిగువుగా ఉంటే ప్రతి గేరూ ధబ్‌మని పడుతుంది. ఇంజిన్ ఆపి, కేబుల్ చివర ఉండే బటన్ నొక్కి పట్టుకుని లోపలి ముక్కని పూర్తిగా వెనక్కి తోసి, బటన్ వదిలి, థ్రాటిల్‌ని చేత్తో చివరిదాకా తెరవండి. టకటకమని పళ్ళు జరుగుతూ దానంతటదే సర్దుకుంటుంది. రెండు నిమిషాల పని.

రెండు, న్యూట్రల్ సేఫ్టీ స్విచ్. గేర్‌బాక్స్‌కి ప్రయాణికుడి వైపు ఉంటుంది, మట్టీ నీళ్ళూ పడి లోపలి కాంటాక్టులు పాడవుతాయి. పార్క్‌లో స్టార్ట్ కాకుండా న్యూట్రల్‌లో అవుతోందా, రివర్స్ లైట్లు వెలగడం లేదా, గేర్లు ఇష్టమొచ్చినట్టు మారుతున్నాయా, దీన్ని విప్పి శుభ్రం చేసి చూడండి.

మూడోది నాకు బాగా ఇష్టమైన పరీక్ష. తాళం ఆపి, డాష్ కింద ఉన్న గేర్‌బాక్స్ కంప్యూటర్ కనెక్టర్ పీకేయండి. ఇప్పుడు సోలినాయిడ్లకి (కరెంటుతో ఆయిల్ దారుల్ని తెరిచి మూసే వాల్వులు) కరెంటు ఉండదు, గేర్‌బాక్స్ లివర్ మాట మాత్రమే వింటుంది: 1-2 స్థానంలో మొదటి గేర్, 3లో మూడో గేర్, డీలో నాలుగో గేర్. ట్రాఫిక్ లేని చోట చేత్తో అలా మార్చుకుంటూ నడపండి. గేర్లు గట్టిగా పట్టి బండి బాగా లాగితే లోపలి యంత్రం ఆరోగ్యంగానే ఉంది, లోపం వైర్లలోనో, సెన్సార్లలోనో, సోలినాయిడ్లలోనో, కంప్యూటర్‌లోనో ఉంది. అలా నడిపినా జారితే అసలు సమస్య లోపలే.

వేడి సంగతి

టెక్సాస్ ఎండలో కానీ యూటా ఇసుకలో కానీ ఈ బండి నడిపేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. టార్క్ కన్వర్టర్ జారినంతసేపూ ఆ శక్తంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. నిటారు ఎక్కుడులో, మెత్తటి ఇసుకలో, రాళ్ళ మీద 4 హైలో పెట్టి యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చుంటే కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్‌ని 4 లోలో, అంటే వేగం తక్కువ లాగుడు ఎక్కువ ఉండే రేంజ్‌లో పెడితే అదే పని తక్కువ బరువుతో అయిపోతుంది, జారడం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. లో రేంజ్ ఏదో అతి కష్టమైన దారికని దాచుకోకండి. ట్రెయిలర్ లాగేవాళ్ళు రేడియేటర్ ముందు విడిగా ఒక కూలర్ పెట్టించుకోవడం మంచిది. రేడియేటర్ మురికిపట్టి ఇంజిన్ సూది పైకి పోతున్న బండిలో గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఉడుకుతున్నట్టే.

మొదటి మార్పు అయ్యాక ఓ వంద మైళ్ళు తిరిగి మట్టం, పాన్ అంచు, ప్లగ్ చుట్టూ తడి మళ్ళీ చూడండి. రెండు మూడు విడతలు అయిపోయాక 30,000 మైళ్ళకోసారి డ్రెయిన్ ప్లగ్ తీసి మారిస్తే సరిపోతుంది, దారులు మోటువైతే ఇంకా ముందే. పాత ఆయిల్ పాల డబ్బాల్లోనే మూత బిగించి ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాలకి తీసుకెళితే చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా పట్టుకుంటారు, ముందు ఒకసారి ఫోన్ చేసి వెళ్ళండి. ఇంజిన్ నూనె కలిసినా ఫర్వాలేదంటారు కానీ కూలెంటో బ్రేక్ క్లీనరో కలిస్తే తీసుకోరు, దాన్ని కౌంటీ వాళ్ళ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే ఇవ్వాలి.